ఒకే లెక్క వచ్చిన నీళ్లు

సెయింట్ జాన్స్,
నవంబరు

తమ్ముడూ ఎల్వుడ్,

ఒంట్లో వికారం తగ్గిందా? అమ్మ పెట్టే ఉప్పుచేపా బంగాళాదుంపలూ సయిస్తున్నాయా? నిన్ను ఒక మాట అడగాలి, అది ఫోనులో నా నోరు దాటదు. అందుకే రాస్తున్నాను.

తుఫాను వెలిశాక నువ్వు ఓడ మీద ఒక్కో లోతునుంచి పట్టి గొట్టాల్లో పోసిన సముద్రపు నీళ్లు మా ల్యాబుకు వచ్చాయి. రంగు కలిపి మిషనులో పెట్టాను. ఆ నీళ్లలోని వైరస్‌లు ఒక్కొక్కటే లేజరు కాంతి ముందునుంచి పోతూ పచ్చగా మెరుస్తాయి. ఆ మెరుపుల్ని మిషను లెక్కపెడుతుంది. ఎప్పుడూ పైనీళ్లలో ఎక్కువ, లోతుకు పోయేకొద్దీ తక్కువ. ఈసారి పైనుంచి యాభై మీటర్ల దాకా అన్ని గొట్టాల్లోనూ ఇంచుమించు ఒకే లెక్క. వట్టి శుద్ధజలం పెట్టి చూశాను, మిషను బాగానే ఉంది. ఇంకా పలుచన చేసి మళ్లీ లెక్కపెట్టాను. అదే.

అప్పటినుంచి నాకు ఒకటే అనుమానం. ఆ ఊగిసలాటలో వాంతులు చేసుకుంటూ, ఒక్క బకెట్టు పైనీళ్లనే అన్నిట్లో నింపేశావేమో అనిపించింది. చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ పని నీకు ఇప్పించింది నేనే కదా. మొన్న మా ల్యాబు పెద్దావిడ డాక్టర్ హాలెట్ తెర మీద చుక్కలు చూసి, "ఈ నీళ్లు ఎవరు పట్టారు, వెర్నా?" అంది. నీ పేరు ఎత్తలేదు. గొట్టాలు నేనే కలగాపులగం చేశానని చెప్పేశాను. ఆ లెక్కలు పక్కన పడేయమంది.

నిజం నాకొక్కదానికే చెప్పు. తిట్టను.

నీ అక్క,
వెర్నా

ట్విలింగేట్

అక్కా,

నీ ఉత్తరం చదివి రేవు దగ్గరికి పోయి కూచున్నాను.

వాంతులు అయిన మాట నిజమే. నడుముకు తాడు కట్టుకుని పనిచేశాను. కానీ ప్రతి లోతుకూ సీసా దించాం. ఏ లోతు నీళ్లు ఆ గొట్టంలోనే పోశాను. నీళ్ల చల్లదనం కొలిస్తే అదీ పైనా కిందా ఒకటే వచ్చింది. పరికరం చెడిందేమోనని కంగారుపడ్డాను. కెప్టెన్ గార్లాండ్ నవ్వి, "చెడలేదురా అబ్బాయ్. అంత గాలి సముద్రాన్ని గరిటె పెట్టి కలిపేసింది. ఇంక పైనేంటి, కిందేంటి?" అన్నాడు. ఆ కొలతలు ఓడలోనే ఉన్నాయి, మీ దాకా రాలేదు.

అనుమానించావని కాదు నా బాధ. నన్ను అడక్కముందే, నేను చేయని తప్పు నీ నెత్తిన వేసుకున్నావు. కాపాడాననుకున్నావు. ప్రాణాలు ఉగ్గబట్టుకుని పట్టిన నీళ్లను దండగ చేశావు. వెళ్లి ఆవిడకు నిజం చెప్పు. అంతవరకూ నేను ఫోను ఎత్తను.

ఎల్వుడ్

సెయింట్ జాన్స్

నా తమ్ముడికి,

చెప్పాను. ఆవిడ ఎదుట నిలబడే చెప్పాను. డాక్టర్ హాలెట్ పక్కన పడేసిన ఆ లెక్కల్ని మళ్లీ బయటికి తీసింది. తర్వాత, "లెక్క తప్పితే మళ్లీ పెట్టుకోవచ్చు వెర్నా. నువ్వే అబద్ధం చెబితే నేను దేన్ని నమ్మను?" అంది. ఈ చలికాలమంతా మిషను ముట్టుకోవద్దంది. నాకు సీసాలు కడిగే పని పడింది.

ఫ్రీజరులో మిగిలిన నీ గొట్టాల్లో గడ్డకట్టిన నీళ్లను ఆవిడే కరిగించి లెక్కపెట్టింది. అదే లెక్క. ఓడ నుంచి కొలతలూ వచ్చాయి, నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. అచ్చయ్యే వ్యాసంలో నీ పేరు వేస్తుందట. వచ్చే ప్రయాణానికి నువ్వే కావాలంటోంది. ఆ సంగతి నా చేత చెప్పించకుండా, తనే నీతో మాట్లాడతానంది.

ఆవిడ ఫోను చేస్తే నీ పని గురించే మాట్లాడు. నా తరఫున ఒక్క ముక్క కూడా అనకు.

అక్క