మచ్చలేని చెయ్యి

ఇల్లందు దగ్గరి తండా,
మంగళవారం, 18 నవంబరు 2025

నా బంగారు తల్లి సోనికి,

బాపు రెడ్యా రెండు చేతులూ నీ తలమీద పెట్టి రాస్తున్న ఉత్తరం ఇది. ఇక్కడ నేనూ, నిన్ను కన్న మీ యాడి హేమ్లీ, మొన్న ఈనిన బర్రే, దాని దూడా అందరం బాగున్నాం. ఖమ్మంలో నీ బ్యాంకు డ్యూటీ, హాస్టలు తిండి మంచిగానే ఉన్నాయనుకుంటాను. ఫోనుండగా ఉత్తరమేంది అని నవ్వకు. నాది ఏడో తరగతి చదువు, తప్పులుంటే దిద్దుకో. ఫోనులో నీ గొంతు వింటే చెప్పాల్సింది వదిలేసి ఇంకేదో చెప్తాను.

ముందు సంతోషం చెప్పనీ. ఆదివారం నువ్వు పంపిన ఫొటో చూసి నా కాళ్లు నేలమీద ఆనలేదు తల్లీ! చిన్నప్పుడు కాలిన నీ ఎడమ చేతిమీద, మోచేతి నుంచి మణికట్టు దాకా మోదుగుపూల కొమ్మ! ఏం రంగు, ఏం అందం! నిజంగానే పచ్చబొట్టు పొడిపించుకున్నావనుకుని తండా అంతా తిరిగి చూపించాను. లాల్‌సింగ్ ఫోను గుంజుకుని, మామా, మీ సోని చెయ్యి సినిమా హీరోయిన్ చెయ్యి లెక్కుందే అన్నాడు. చాయ్ కొట్టు నాగక్కయితే, నువ్వు గూడ ఒకటి పొడిపించుకో రెడ్యన్నా, ముసలితనం కప్పుకపోతది అని ఎగతాళి చేసింది. నేనూ పళ్లులేని నోటితో నవ్వాను. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టు విప్పని పిల్ల ఇక పొట్టి చేతులు తొడుక్కుంటుందంటే నవ్వనా మరి!

ఇంటికొచ్చి మీ యాడికి చూపించాను. ఫోను ముక్కుకు ఆనించుకుని చూసి, ఎవరి చెయ్యి గిది అంది. మన సోనిదే అన్నాను. కాదు, మన సోని చెయ్యి గిట్ల ఉండదు, మచ్చ ఎటు పోయింది అంది. అప్పుడు నేనూ మళ్లీ చూశాను. పూల మధ్య చర్మం పసిపిల్ల బుగ్గలా నున్నగా ఉంది. మీ యాడి ఫోను నా చేతిలో పెట్టి బర్రె దగ్గరికి పోయింది.

సోమవారం నువ్వు ఫోన్ చేసి, అది నిజం పచ్చబొట్టు కాదు బాపూ, నా చెయ్యి ఫొటో పెడితే ఏఐ గీసి చూపించింది, వేయించుకునే ముందు ఎట్లుంటదో చూసుకున్న, వచ్చే ఆదివారం వేయించుకుంట అన్నావు. ఆ యంత్రానికి నీ మచ్చ సంగతి ఏం తెలుసు? నీకు దేవుడిచ్చిన చెయ్యి ఎలా ఉండాల్నో అలా గీసి పెట్టింది. పచ్చబొట్టు వేసే అతను మాత్రం నీ అసలు చెయ్యి పట్టుకుని చూసి, ఇది దేనితో కాలిందో తెలుసుకుని రమ్మన్నాడట. నీళ్లయితే పైపైనే కాలి ఉంటది, సూది పెడత, ఇంకేదైనా అయితే చర్మం డాక్టరు సరేనంటేనే పెడత, లేకుంటే పుండవుతది అన్నాడట. నువ్వేమో, నీళ్లేగా బాపూ, యాడి చేతుల్లోంచి జారిన తానం నీళ్లేగా అని అడిగావు. నేను అవ్ అన్నాను.

ఆ ఒక్క మాట అన్నప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. కళ్లు మూసినా తెరిచినా ఆ సూది నీ చేతిమీద ఆనుతున్నట్టే కనిపిస్తోంది.

నీళ్లు కాదు తల్లీ. గుడుంబా సారా కాచే కుండలో మరుగుతున్న బెల్లపు ఊట. బంకలా అంటుకుని లోతుగా కాల్చింది. బెల్లం వాసనొస్తే నాకు కడుపులో ఎందుకు తిప్పుతది అని నువ్వు అడిగినప్పుడల్లా మాట మార్చింది అందుకే. కుండ ఒరిగింది, నీ మీద పడింది. ఈ సంగతి అతనికి చెప్పు, డాక్టరుకూ చెప్పు. వాళ్లు వద్దంటే వినిపించుకో.

శుక్రవారానికి ఉత్తరం అందుతుందని పోస్టు మాస్టరు అన్నాడు. అందకపోతే ఏం గతి అని అదొక భయం. శనివారం సాయంత్రం దాకా నీ నుంచి కబురు లేకపోతే, ఆదివారం తొలి బస్సెక్కి వచ్చి ఆ పచ్చబొట్టు కొట్టు ముందు అడ్డంగా కూర్చుంటాను. ముసలోడికి పిచ్చి పట్టిందనుకుంటే అనుకోనీ.

నిన్ను చూసుకుని మురిసే,
నీ బాపు,
రెడ్యా

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. కుండ ఒరిగింది అని రాశాను. కుండ దానంతట అది ఒరగలేదు.

నీకు నాలుగేళ్లు. మీ యాడి పొద్దున్నే పత్తి ఏరడానికి పోయింది. నిన్ను వాగు ఒడ్డున బట్టీ దగ్గరికి తీసుకుపోయింది నేనే. కాచింది రుచి చూస్తూ చూస్తూ తూలి కుండమీద పడ్డాను. అవతల నువ్వు కూర్చుని ఉన్నావు. దవాఖానాకు పోతే ఎక్సైజు వాళ్లు పట్టుకుంటారని పొద్దుగూకే దాకా నీకు ఆకు పసరు పూసి గుడిసెలో దాచాను. ఏడ్చి ఏడ్చి నీ గొంతు పోయింది. మీ యాడి వచ్చి చూసింది. నిన్ను ఎత్తుకుని ఇల్లందు దాకా నడిచింది. నన్ను జైల్లో వేస్తారని భయపడి, తానం నీళ్లు నా చేతుల్లోంచే జారినయ్ అని దవాఖానాలో నర్సమ్మకు చెప్పింది. నువ్వేం తల్లివే అని నర్సమ్మ తిట్టింది. తండా తిట్టింది. పెద్దయ్యాక నువ్వు తిట్టావు. అన్నిసార్లూ నేను పక్కనే ఉన్నాను.

నువ్వు ఫోన్ చేస్తే నాతోనే మాట్లాడి పెట్టేస్తావు. ఇక నాతో మాట్లాడకపోయినా నేను ఏమీ అనను. శుక్రవారం నుంచి ఫోను మీ యాడి దగ్గరే ఉంటుంది. ఎత్తడం ఆమెకు రాదు. ఎందుకో చెప్పకుండా పొద్దుటి నుంచి నేర్పిస్తున్నాను. చేస్తే కాస్త సేపు మోగనివ్వు తల్లీ, వెంటనే పెట్టెయ్యకు.