మొదటి కొబ్బరి చెక్క

అప్పన్నా,

నీ పడవ మునిగి నేటికి ఏడాది. ఈ ఉదయం కాకినాడ రేవులో నీ తమ్ముడు పోలయ్య, మా కంపెనీ బియ్యం బస్తాలను ఓడకు చేరవేసే నీ పనికే కుదిరాడు.

నువ్వు పోయాక దొరగారు నన్ను పిలిచి, ఇలాంటి నష్టం ఇకమీదట కంపెనీ మీద పడకుండా చూడమన్నారు. కంపెనీ వకీలుని కదా, చూశాను. ఒడ్డు దాటాక సముద్రం ఏం చేసినా నష్టం పడవ నడిపే తండేలే భరించాలనీ, భరించలేకపోతే పడవ కంపెనీదవుతుందనీ కొత్త ఒప్పందంలో రాశాను. దొరగారు మెచ్చుకున్నారు కూడా.

ఇవాళ దాన్ని చదివి వినిపించబోతే పోలయ్య నవ్వేశాడు.

"మీరు రాసిందే కదండీ, ఇంక వినేదేంటండి? గాలి తిరగబడితే ఏంటన్నది కూడా రాసే ఉంటారు."

"రాశాను" అన్నాను.

వేలిముద్ర వేసి, నీలాగే పడవ ముక్కు మీద కొబ్బరికాయ కొట్టాడు. నీలాగే మొదటి చెక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మన వకీలుగారు మీరుండగా మాకు భయమేంటండి?"

తీసుకున్నాను. అలవాటు కొద్దీ కళ్లకద్దుకున్నాను కూడా, అప్పన్నా.