సారుకు పోసిన మంచినీళ్లు

12 జూలై 2011, మంగళవారం

ఫ్యాక్టరీ మురుగు వల్ల మా బోరులో పసుప్పచ్చని నీళ్లు పడుతున్నాయని పెట్టిన అర్జీకి ఇవాళ రిపోర్టు వచ్చింది. కరిగిన లవణాలు పరిమితికి లోబడే ఉన్నాయట. వ్యర్థజలం కలిసిన ఆనవాళ్లు లేవట. తాగడానికి యోగ్యమట! ఆ నీళ్లు పోసుకుంటేనే పిల్లాడి ఒళ్లంతా దద్దుర్లు లేస్తున్నాయి. ఎవరి పరిమితి ఇది?

ఒళ్లు మండి అత్తమ్మను అడిగాను, నేను గగన్‌పహాడ్‌లో పనికి పోయిన రోజు నీళ్ల పరీక్షకు వచ్చిన సారు ఇచ్చిన సీసాలో నీళ్లు ఎవరు పట్టారని.

"నేనే పట్టిన బిడ్డా. ట్యాంకర్ నీళ్లే, కుండలకెల్లి."

"సారు అడిగింది బోరు నీళ్లు గద అత్తమ్మా!"

"ఇంటికొచ్చిన మనిషికి గా గలీజు నీళ్లెట్లిస్తమే?"

నీళ్లు బాగున్నాయి కాబట్టి రేపటి నుంచి ట్యాంకర్ బంద్ అన్నారు పంచాయతీ వాళ్లు. మళ్లీ పరీక్ష చేయమంటే వస్తారో, రారో...

పొయ్యి మీద బోరు నీళ్లు కాగుతున్నాయి. ఇల్లంతా ఆ మురుగు వాసనే. కుండలో ఇంకా సగం ట్యాంకర్ నీళ్లున్నాయి. అత్తమ్మ వాటిని ముట్టుకోనివ్వడం లేదు. ఎవరైనా ఇంటికొస్తే ఇవ్వాలని మూత పెట్టి దాచింది.