వెన్న చేతులతో ముట్టుకోకండి

ఏమండీ, కంప్యూటర్ మూడుసార్లు కూసి ఊరుకుంటోంది. తెర నల్లగానే ఉంది. ముందు ప్లగ్ పీకి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పాతదీ కొత్తదీ మెమరీ ముక్కలు రెండూ తీసి, బంగారు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. పాతదొక్కటే దాని గాడిలో పెట్టి టక్కుమనేదాకా నొక్కి, ప్లగ్ పెట్టండి.

నాలుగింటికల్లా నా తరగతి నలభైమంది పిల్లల మార్కులు మీరు పంపకపోతే వాళ్ళకి పై పరీక్ష లేదు. "కొత్త మెమరీ వేస్తే గుర్రంలా పరిగెడుతుంది వుంపినీ" అన్నారుగా! షియా గింజల వెన్న పూసుకున్న చేతులతో ఎవరైనా దాన్ని పట్టుకుంటారా? అంచంతా జిడ్డు, జిడ్డు మీద హర్మటాన్ ఎడారి గాలి తెచ్చిన దుమ్ము. నేను బడికి పోతున్నా.

వుంపిని

ఇంకోటి. మార్కులు వెళ్ళాక వెన్న మళ్ళీ రాసుకోండి. నిన్న ఆ గాలికి మీ వేళ్ళు పగిలి నెత్తురొస్తుంటే పూసింది నేనే. అందుకే అరవకుండా చీటీ రాశాను.