ఒకే కుర్చీలో కన్నూ చెవీ చూడవలసిందిగా

రేపల్లె,
12-11-2025.

ఈ రోజు చేసినవి: పిండి రుబ్బుట, దుప్పట్లు ఉతికి ఆరవేయుట, అమ్మాయి చెవి మిషనుకు బ్యాటరీ మార్చుట, ఉప్పున్న కూర ఒకటి, ఉప్పులేని కూర ఒకటి. మిగిలినది: ఈ అర్జీ.

దివ్యాంగుల ధ్రువపత్రాల విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మాయి శ్రావ్య కంటి పరీక్షలోనూ చెవి పరీక్షలోనూ పొరపాటున ఉత్తీర్ణురాలైనందున, మళ్ళీ పరీక్షించి న్యాయంగా ఫెయిల్ చేయవలసిందిగా కోరుట గురించి.

ఏ కాగితం మీదైనా ముందు ఆ రోజు పనుల పట్టీ వేసుకోవడం నా అలవాటు. కార్యాలయానికి అది అనవసరమైతే కొట్టివేయగలరు.

1. అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. బి.కాం. రెండో సంవత్సరం. పుట్టుకతో వచ్చిన జన్యులోపం ఉంది. దాని పేరులో ఇద్దరు విదేశీ డాక్టర్ల ఇంటిపేర్లున్నాయి. ఇక్కడి డాక్టర్లు కూడా ఆ పేరును చూసి రాసుకుంటారే తప్ప పలకరు. పుట్టినప్పుడు ఎడమ కాలికి ఆరో వేలు ఉంటే అదృష్టమని మా ఆడపడుచు రాఘవమ్మ గారు నాకు చీర పెట్టారు. తరువాత ఆ అదృష్టం కళ్ళకు, చెవులకు, మూత్రపిండాలకు, ఒంటి బరువుకు కూడా పాకింది. బరువుకు మాత్రం వైద్యుల కొరత లేదు. బస్సులో పక్క సీటువారే "అన్నం తగ్గించమ్మాయ్" అని మందు చెబుతారు.

2. డిసెంబరు మొదటి వారంలో అమ్మాయికి సెమిస్టర్ పరీక్షలు. పోయినసారి పరీక్షల్లో, రాసిన వరస మీదే మళ్ళీ రాసి, ఒక పేపరు ఎవరికీ చదవరాకుండా చేసుకుంది. పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషిని ఇవ్వాలంటే నలభై శాతం వైకల్యమని ధ్రువపత్రం కావాలని కాలేజీ వారన్నారు. అది లేకపోతే ఈసారి చదువు ఆగిపోతుంది.

3. కంటి శిబిరం బాపట్లలో జరిగింది. అమ్మాయికి చీకట్లో ఏమీ కనబడదు. వెలుతురులో అయితే గొట్టంలోంచి చూసినట్టు ఎదుటిది కాస్త, అదీ మసకగా. క్యూలో మా ముందు ఈపురుపాలెం నుంచి వచ్చిన మార్కండేయ గారనే పెద్దాయన ఉన్నారు. మగ్గం మీద పోగు కనబడక వచ్చారు. గోడకున్న అక్షరాల అట్టను ఆయన మూడుసార్లు తప్పు చదివారు. నర్సు మూడుసార్లూ గట్టిగా దిద్దింది. తరువాత మా అమ్మాయి కూర్చుని చివరి వరసదాకా గడగడా చదివేసింది. "శభాష్ తల్లీ, నీకు సర్టిఫికెట్ ఎందుకమ్మా!" అని డాక్టరు గారు సంతోషించారు.

బస్సెక్కాక అడిగాను.

"చివరి వరస నీకు కనబడిందా?"

"లేదు. తాతగారికి చెప్తుంటే నాకొచ్చేసింది."

"మరి కనబడలేదని చెప్పొచ్చుగా!"

"అడిగినదానికి సమాధానం తెలిసుండి తెలీదని ఎలా చెప్తానమ్మా?"

మార్కండేయ గారికి ధ్రువపత్రం వచ్చింది. ఆయనకు రావలసిందే.

4. చెవులు చూసే యంత్రం తెనాలిలో ఉందంటే అక్కడికి వెళ్ళాము. చెవి మిషను తీయించి, హెడ్‌ఫోన్ పెట్టి, శాలేమురాజు గారనే ఉద్యోగి ఎదురుగా కూర్చున్నారు. "కూత వినబడినప్పుడల్లా వేలెత్తమ్మా" అన్నారు. అమ్మాయి ఒక్క కూత కూడా వదల్లేదు. "మా ఆఫీసు మొత్తానికి ఇంత మంచి చెవులు లేవండీ మేడం" అన్నారాయన. ఆటోలో మిషను మళ్ళీ పెట్టి నిలదీస్తే, "మీట నొక్కేముందు ఆయన గడ్డం పైకెత్తుతాడమ్మా, దగ్గరేగా, కనబడింది" అని నవ్వింది. నేను నవ్వలేదు. అది చూసి, "సర్లేమ్మా, నీకో ఫెయిల్ బాకీ" అంది.

5. మూత్రపిండాలకు కాపీ కొట్టడం రాదు. రక్తపరీక్షలో ఉన్నది ఉన్నట్టే చెబుతాయి. కాని రేపల్లె శిబిరంలో మూత్రపిండాలు జాబితాలో లేవన్నారు. కంప్యూటరు దగ్గరున్న అబ్బాయి, "మిగతావాటిలో ఏదో ఒకటే చెప్పండాంటీ, ఇందులో ఒక్క గడే ఉంది" అన్నాడు. ఇంట్లో మాత్రం మూత్రపిండాల మాటే చెల్లుతుంది. వాటి కోసం అమ్మాయికి ఉప్పు తగ్గింది, ఆకుకూరలు తగ్గాయి, ప్రాణమైన గోంగూర పచ్చడి రెండేళ్ళుగా బంద్.

6. లేని వైకల్యం ఉన్నట్టు చూపినవారి మీద చర్యలని పేపర్లో చదువుతుంటాను. ఉన్నది లేనట్టు చూపినవారికి ఏ శిక్షో ఎక్కడా చదవలేదు. ఉంటే అది కూడా పరీక్షల తరువాత అమలు చేయగలరు.

కావున, అమ్మాయి కళ్ళనూ చెవులనూ ఒకే రోజు, ఒకే కుర్చీలో చూడాలని, ముందువారి చదువు వినబడకుండా అమ్మాయిని బయట నిలపాలని, అట్ట మార్చాలని, యంత్రం నొక్కే ఉద్యోగికి అడ్డంగా తెర కట్టాలని కోరుతున్నాను. తెరకు దుప్పటి నేనే తెస్తాను. ఈ రోజే ఉతికాను. మా అమ్మాయి కళ్ళు చెవుల పని, చెవులు కళ్ళ పని చేస్తూ ఇన్నాళ్ళు సంసారం నెట్టుకొచ్చాయి. విడివిడిగా పిలిచి అడిగితే ఇంటిగుట్టు ఏదీ బయటపెట్టదు.

పై సంగతులను కన్నూ చెవీ రెండూ పెట్టి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పద్మజ
(శ్రావ్య తల్లి)

తా.క. రాస్తున్నంతసేపూ పైకి అనుకుంటూ రాశాను. అదీ నా అలవాటే. తప్పులు చూడమని ఇస్తే అమ్మాయి కాగితాన్ని ముఖానికి ఆనించుకుని మొదటి నుంచి ఒప్పజెప్పింది. అప్పుడు నోరు మూసుకుని, వేరే కాగితం మీద ఒక్క వాక్యం రాసి ఇచ్చాను. దీపం కింద పట్టుకుంది. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. దగ్గరకొచ్చి నా ముఖం చూసింది. నేను పెదవి కదపలేదు.

"కనబడట్లేదమ్మా," అంది.

ఆ మాట దాని నోట నేను ఎన్నడూ వినలేదు. కాగితం తీసుకుని నేనే చదివి వినిపించాను: "ఈ పూట గోంగూర పచ్చడి, నీకూ ఒక ముద్ద." కనబడి ఉంటే ఇల్లు పీకి పందిరేసేది.

ఆకు ఉడికించి, నీళ్ళు పారబోసి, ఉప్పు తగ్గించి నూరాను. ఒక్కటే ముద్ద. అమ్మాయి నాకు బాకీపడిన ఫెయిల్ ముట్టింది. బాకీ చెల్లు.