అవతలి యంత్రం పలకకపోతే

పుంగనూరు, గురువారం రాత్రి

నా దగ్గర రెండు ఫోన్లుంటే ఎవడో ఉన్నాడనే అర్థమట మా ఇంట్లో. ఆ ఫోన్లూ లాప్‌టాపూ ఒకదానికొకటి కబురు పంపుకుంటూ కలిసి పనిచేసేలా ప్రోగ్రాములు రాయడానికి ఒక కొత్త భాష తయారుచేస్తున్నానని ఎన్నిసార్లు చెప్పినా అమ్మకు ఎక్కదు. "ఎవురు పాపా ఆ పిల్లోడు? మనోళ్లేనా?" అని ఈరోజు నేరుగానే అడిగేసింది. నాకు నవ్వొచ్చింది. అది ఇంకా తప్పయింది. నాన్న వచ్చి ఒక ఫోను ఆపేసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

లాప్‌టాప్ ఆ ఫోను జవాబు కోసం కాసేపు చూసింది. తర్వాత, నేను రాసినట్టే, దానికి పంపాల్సిన కబురు పక్కన దాచుకుని మిగతా పని సాగించింది. అవతలి యంత్రం పలకకపోతే ఏం చేయాలో ముందే రాయకుంటే నా భాషలో ప్రోగ్రాము నడవనే నడవదు. దాని ప్రాణమంతా ఆ ఒక్క రూలులోనే ఉంది.

కుప్పం కాలేజీలో మా గైడ్‌కు గిట్టనిదీ అదే. సాయంత్రం నేను ఫోన్ చేసి, రూలు పనిచేసిందని సంబరంగా చెప్తే, "ఆ రూలు తీసేయమ్మా. డెమో రోజు అన్నీ పలుకుతాయిలే. పలకకపోతే అంటా సూసేవాళ్లని యాల బెదరగొట్టేది? పీహెచ్‌డీ సీటు కావల్లనా, వద్దా?" అన్నారు. సీటు పోతే ఈ ఇంట్లో నాకు మిగిలేది పెళ్లిచూపులే. అది ఆయనకూ తెలుసు.

అమ్మ నా పని అర్థంకాక అడిగింది. ఈయన అంతా అర్థమయ్యే అడిగారు. ఎక్కువ మండింది అక్కడే.

రూలు తీయను. రేపు కుప్పం వెళ్లి ఆయన ముఖం మీదే చెప్తాను. సీటు ఆయన్నే ఉంచుకోమంటాను.