స్టార్టర్ మీద తువ్వాల

ప్రియమైన తమ్ముడు జీవన్‌కు,

మంఖాల్ నుంచి అక్క దీవెనలు. ఫోన్‌లో అయితే సగం విని "సరే అక్కా" అంటావు, అందుకే కాగితం పట్టాను. నువ్వు తయారుచేసి బిగించిన స్టార్టర్ డబ్బా బాగా పనిచేస్తోంది. మీ బావ మంచం మీద కూర్చునే ఫోన్ నొక్కి బోరు మోటారు వేస్తున్నాడు. ఊరంతా చూపించి ఒకటే గొప్పలు.

ఒక్క సంగతి నచ్చలేదు. బోరు దగ్గర వైరు విప్పే మనిషి డబ్బా మీద తన తువ్వాల వేస్తాడు. అది ఉంటే ఎవరూ స్టార్టర్ ముట్టరు, బాపు కాలం నుంచీ అంతే. "గా తువ్వాల ఫోన్ల కనవడ్తదా?" అని అడిగితే మీ బావ నవ్వాడు. నువ్వు నవ్వకు. మనిషి అక్కడున్నప్పుడు ఫోన్ పనిచేయకుండా ఒక తాళం పెట్టు.

నీ అక్క,
స్వరాజ్యం

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం మైలార్‌దేవ్‌పల్లి షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. నువ్వన్నది నిజమే. కానీ నాలుగు వందల డబ్బాలకు ఆర్డరు వచ్చింది. ఇప్పుడు తాళం అంటే లోపలి పనంతా మార్చాలి, రెండు నెలలు ఆగాలి. ముందు అమ్మాలి, వాడేవాళ్ల దగ్గర నేర్చుకుని తర్వాత దిద్దుకోవాలి. ఈ వ్యాపారం పెరిగేది అలాగే. వచ్చే రకంలో తప్పక పెడతాను. అప్పటిదాకా వైరు విప్పేముందు బావను ఫోన్ నీకిచ్చి వెళ్లమను.

ఇంకో ముచ్చట. శంషాబాద్‌లో విమానం దిగి నేరుగా వచ్చే డీలర్లకు నా ఫోన్‌తో మీ మోటారునే వేసి చూపిస్తున్నాను. ఇక్కడ నేను నొక్కితే అక్కడ నీళ్లు! వాళ్ల ముఖాలు చూడాలి నువ్వు.

నీ తమ్ముడు,
జీవన్

తమ్ముడా,

మీ బావ దినాలు అయిపోయాయి. నువ్వు పాడె మోసి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయావు.

నువ్వు రాసినట్టే మీ బావ ఆ రోజు ఫోన్ నాకిచ్చాడు. "నేనొచ్చేదాంక జర నొక్కకు" అన్నాడు. నడుము దగ్గర దోపుకుని రొట్టెలు చేశాను. ఆయన వైరుకు టేపు చుడుతుంటే కరెంటు వచ్చింది. "ఫోన్ నీ తాననే ఉండె గద వదినా" అని మా మరిది మొగులయ్య అందరి ముందూ అన్నాడు. నొక్కినట్టు నాకు గుర్తులేదు. వంగినప్పుడు నొక్కుకుపోయిందేమో. ముద్ద దిగడం లేదు.

ఎవరు ఎప్పుడు నొక్కినా నీ కంప్యూటర్‌లో పడుతుందన్నావు కదా. చూసి చెప్పు. నేనే అయినా చెప్పు.

అక్క

అక్కా,

నువ్వు కాదు. నీ దగ్గరున్న ఫోన్ ఆ పొద్దంతా ఏమీ పంపలేదు. కంప్యూటర్‌లో పడిన ఆ లెక్క అచ్చుతీసి ఇందులో పెట్టాను, మొగులయ్యకు చూపించు.

పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు నొక్కింది నేను. ఎదురుగా ముగ్గురు డీలర్లు కూర్చున్నారు. మొదటిసారి మోటారు తిరగలేదని ఫోన్‌లో పడింది. సిగ్నల్ లేదేమోనని నవ్వుతూ మళ్లీ నొక్కాను.

ఇది నాకు ఆ సాయంత్రమే తెలిసింది. నిన్ను అందరూ అంటుంటే విని కూడా, ఆర్డరు పోతుందని నోరు మూసుకున్నాను. వాడేవాళ్ల దగ్గర నేర్చుకుంటానని నీకే రాశాను. నువ్వు ముందే నేర్పావు, నేనే నేర్చుకోలేదు.

అమ్మిన డబ్బాలన్నింటికీ ఈ ఉదయం ఫోన్ పనిచేయకుండా ఆపేశాను. రేపు పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను.

పాడె ఎత్తే ముందు బోరు దగ్గరికి వెళ్లి చూశాను. బావ తువ్వాల డబ్బా మీదే ఉంది.

జీవన్